గలీబుకు ఆపరేషన్

మా ఇంట్లో చిల్లు లేని దిండు గలీబు దొరకడం కష్టం. వచ్చిన చుట్టాలు ఎలుకలున్నాయనుకుంటారు. మర్యాదస్తులు కాబట్టి పైకి అనరు, మళ్ళీ వచ్చేటప్పుడు ఎలుకల బోను పట్టుకొస్తారు. అలా వచ్చిన బోనులన్నీ అటక మీదున్నాయి. మా ఇంట్లో ఎలుకలు లేవు. ఉన్నది మా ఆయన.

ఆయన పసిపిల్లల సర్జన్. పుట్టుకతోనే డయాఫ్రమ్‌లో చిల్లున్న పిల్లలకు దాన్ని మూయడం ఆయన ప్రత్యేకత. డయాఫ్రమ్ అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకుని ఉండే పల్చటి కండరం. మనం ఊపిరి పీల్చిన ప్రతిసారీ దిగుతుంది, వదిలిన ప్రతిసారీ లేస్తుంది. పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా సెలవు లేకుండా ఇంత చాకిరీ చేసినా దాని పేరు ఎవరికీ గుర్తుండదు. నాకు దాని మీద మొదట్నుంచీ ఒక రకమైన అభిమానం.

సాయంత్రం ఇంటికొచ్చాక మా ఆయన చెప్పుల డబ్బా మధ్యలో గలీబు ముక్కను అడ్డంగా బిగించి, దానికో చిల్లు చేసి, పొడుగాటి పనిముట్లతో కుట్టడం సాధన చేస్తారు. భోజనాల బల్ల మీద, నేను కంచాలు పెట్టే వేళకి. చిల్లులకు వాళ్ళ వైద్యంలో తరగతులున్నాయి. చిన్నదైతే ఏ. సగం గోడ పోయినంతైతే బీ, సీ. డీ అంటే గోడ దాదాపు లేనట్టే. ఉతికిన గలీబులు ఆరేసేటప్పుడు నేనూ ఆ వరసలోనే ఆరేస్తాను. డీ గలీబు అంటే నిజానికి గలీబు కాదు, గలీబు ఉండవలసిన చోటు. ఇంత సూక్ష్మంగా కుట్టే మనిషి, చొక్కా బొత్తాం ఊడితే మాత్రం నా దగ్గరికే తెస్తారు. అంత లావు సూది ఆయనకు అలవాటు లేదట.

ఈ సాధనకు ఆయన శిష్యురాలు కూడా వస్తుంది. శిష్యురాలంటే చిన్నపిల్లేం కాదు. చదువంతా ముగించి, తనూ సర్జనై, ఆయన పక్కనే పని చేస్తోంది. చెయ్యి మంచిదని ఆయనే అంటారు, కాకపోతే నాతో అంటారు, ఆమెతో అనరు. ఆమెతో ఆయన అనేది ఒక్కటే. ఊఁ.

ఆ ఊఁ గురించి కొంచెం చెప్పాలి. అది మెచ్చుకోలు కాదు, తిట్టు కాదు. మన వెనక నిలబడి, చేతులు కట్టుకుని, ముక్కుతో అనే ఊఁ. విన్నవాళ్ళకు తామేదో తప్పు చేశామనీ, అదేమిటో కనుక్కోవలసిన బాధ్యత కూడా తమదేననీ అనిపిస్తుంది. కూర కలుపుతుండగా ఆ ఊఁ వినబడితే నేను వేసిన ఉప్పే మళ్ళీ వేస్తాను. శిష్యురాలికైతే మూడో ముడి జారిపోతుంది. మొదటి రెండూ రాయిలా పడతాయి. వెనకనుంచి ఊఁ వినబడుతుంది, మూడోది నూడుల్స్‌లా జారుతుంది. ఆయన లేనప్పుడు ఆ అమ్మాయి అదే బల్ల దగ్గర కూర్చుని, నాతో కబుర్లు చెబుతూ, వరసగా ముళ్ళు వేసుకుంటూ పోతుంది. ఒక్కటీ జారదు. ఇది నేను చాలాసార్లు చూశాను. మా ఆయన ఒక్కసారీ చూడలేదు. ఆయన చూస్తే జారుతుంది కదా మరి.

ఇలా గలీబులు అరుగుతూ కాలం గడుస్తుండగా మా చెల్లి గర్భవతి అయింది. స్కానింగ్‌లో బిడ్డ జీర్ణాశయం ఉండవలసిన చోట లేదు. పైకి పోయి గుండె పక్కన కూర్చుంది. గుండె మొహమాటపడి కుడి పక్కకు జరిగింది. ఎడమవైపు డయాఫ్రమ్‌లో చిల్లు. సీ కావచ్చు, తెరిచి చూస్తేగానీ తెలియదు.

ఆ రోజు మా ఆయన ఇంటికొచ్చి చెప్పుల డబ్బా ముట్టుకోలేదు. అప్పుడే నాకు సంగతి అర్థమైంది.

మా అమ్మకు విషయం చెప్పే పని ఆయనే పెట్టుకున్నారు. రోజూ ఎందరో తల్లిదండ్రులకు చెప్పే మాటలే. కానీ అత్తగారికి చెప్పడం వేరు. ఇదొక రెండంతస్తుల ఇల్లనుకోండి అత్తయ్యా, అని మొదలుపెట్టారు. పై వాటాలో ఊపిరితిత్తులూ గుండే ఉంటాయి. కింద వాటాలో పేగులూ పొట్టా ఉంటాయి. మధ్య స్లాబుకు చిల్లు పడింది. కిందింటివాళ్ళు సామాన్లతో సహా పైకెక్కేశారు. దాంతో పైవాళ్ళకు కాళ్ళు చాపుకోవడానికి చోటు లేక ఎడమ ఊపిరితిత్తి సరిగ్గా ఎదగలేదు. పుట్టాక ముందు ఆ ఊపిరితిత్తిని కుదుటపరిచి, తరవాత కిందింటివాళ్ళను దించి, స్లాబు మూస్తారు.

అమ్మ శ్రద్ధగా విన్నది. ఆ కిందింటివాళ్ళకు అసలు బుద్ధుందా అని అడిగింది. ఆ తరవాత ఆమెకు పేగులు అనే మాట పూర్తిగా మరుపుకొచ్చింది. చెల్లికి ఫోను చేస్తే మొదటి ప్రశ్న, కిందింటివాళ్ళు ఏమంటున్నారే అని. పక్కన విన్నవాళ్ళు చెల్లి ఇంట్లో అద్దె తగాదా నడుస్తోందనుకున్నారు. ఒకాయనైతే మంచి ప్లీడరున్నాడని నంబరు కూడా ఇచ్చాడు.

ఇక అసలు చిక్కు. ఆసుపత్రిలో ఒక కట్టుబాటుంది. సొంతవాళ్ళ బిడ్డకు సొంతవాళ్ళు ఆపరేషన్ చెయ్యకూడదు, లోపల నిలబడి చూడనూ కూడదు. అది పెట్టింది మా ఆయనే. ఒకప్పుడు ఓ పెద్ద డాక్టరుగారు తన మనవడి ఆపరేషన్‌కు లోపలికి వస్తానంటే, మీరు డాక్టరా, తాతా, ఏదో ఒకటి తేల్చుకుని రండి, లోపల ఒక్క కుర్చీకే చోటుంది అని తలుపు దగ్గర ఆపేశారట. ఇంటికొచ్చి ఆ ముక్క నాకు గర్వంగా చెప్పారు. అది నేను మర్చిపోలేదు. ఇల్లాళ్ళు ఇలాంటివి పారేయరు, ఎప్పుడో పనికొస్తాయి.

కాబట్టి ఆపరేషన్ శిష్యురాలు చెయ్యాలి. ఆయన ఒప్పుకున్నారు. చెల్లీ, దాని మొగుడూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్న మర్నాడు శిష్యురాలు మా ఇంటికొచ్చి, బల్ల దగ్గర కాకుండా నేరుగా వంటింట్లోకొచ్చింది. నేను బీన్స్ తరుగుతుంటే తనూ కత్తి తీసుకుని తరగసాగింది. అన్నీ ఒకే కొలత. కాసేపటికి తల ఎత్తకుండా అంది.

"ఆంటీ, నాకొక సాయం చెయ్యాలి. ఆ రోజు సార్ లోపలికి రాకూడదు. రారు, నాకు తెలుసు, ఆయన పెట్టిన రూలే. కానీ వస్తారు."

"వస్తే?"

"ముడి జారుతుంది ఆంటీ. గలీబైతే మళ్ళీ వేస్తా. పాప అలా కాదు కదా."

సరేనని మాటిచ్చాను. ఇచ్చాక ఆలోచించాను, ఎలా ఆపడమా అని. మా ఆయన్ని ఆపడం నాకు ఇంతవరకూ ఏ విషయంలోనూ చేతకాలేదు. చిల్లుల గలీబులే సాక్ష్యం. చెల్లికి మాత్రం ఉన్న సంగతి చెప్పాను. అది విని తల ఊపింది.

పాప పుట్టింది. ఏడవలేదు. ఏడవకూడదని మా ఆయన ముందే అందరికీ పాఠం చెప్పారు. ఏడిస్తే గాలి మింగుతుంది, ఆ గాలికి ఛాతీలో ఉన్న పొట్టా పేగులూ బూరల్లా ఉబ్బి ఊపిరితిత్తిని ఇంకా నొక్కేస్తాయి. అందుకే పుట్టీ పుట్టగానే గొంతులోకి గొట్టం వేసి మిషనుకు కలిపేస్తారు, పొట్టలో గాలి లాగెయ్యడానికి ఇంకో సన్నగొట్టం. అమ్మ ప్రసవం గది బయట నిలబడి అంతా విన్నది. విని, "ఏడుపు వినబడలేదని సంతోషించమంటారు, అంతేగా బాబూ," అంది. అంతే అత్తయ్యా అన్నారు మా ఆయన. అమ్మ సంతోషించడానికి ప్రయత్నించింది. చూడ్డానికి చాలా కష్టంగా ఉండింది.

పాపను మొదటిసారి అద్దంలోంచి చూశాను. పొట్ట లోపలికి పోయి దోనెలా ఉంది, కింద వాటా ఖాళీ కదా. ఛాతీ మాత్రం పీపాలా నిండుగా ఉంది. ఒళ్ళంతా వైర్లు. కాలి బొటనవేలు ఒక్కటే ఎవరూ ఆక్రమించకుండా మిగిలింది. ఆ వేలు చెల్లి మొగుడిదే, మా మరిది వేలే, అచ్చు. మరిది లిఫ్టులు బాగుచేస్తాడు. తలుపుల్లోంచి తల వంచుకుని రావలసినంత పొడుగు. ఆ వేలును చూసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

పిల్ల కుదుటపడేదాకా ఆపరేషన్ లేదు. ఇది అందరికీ వింతగా ఉంటుంది. చిల్లు కనబడుతుంటే వెంటనే కుట్టరేం అంటారు. ఆ మాటన్న ప్రతి తండ్రికీ మా ఆయన ఒకే జవాబు చెబుతారు, ముహూర్తం పాప పెడుతుంది, మనం కాదు అని. ఇప్పుడు ఆయనే అన్నం ముందు కూర్చుని, రక్తంలో ఆక్సిజన్ బాగానే ఉంది కదా, ఇంకా దేనికి ఆగడం అని గొణగసాగారు. ముహూర్తం పాప పెడుతుందండీ అన్నాను. ఆయన నావంక చూసి అన్నంలోకి ఊఁ అన్నారు.

పసిపిల్లల వార్డులో హెడ్ సిస్టర్ రాజ్యం. ఈ పిల్లలకు చిన్న అలజడి కూడా పడదు, ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు అలిగి ముడుచుకుపోతాయి. అందుకని వెలుతురు తక్కువ, మాటలు గుసగుస, ఊరికే ముట్టుకోవడం లేదు, బంధువులకు అద్దం బయటే దర్శనం. మా ఆయన తెల్లకోటు వేసుకుని దర్జాగా లోపలికి వెళ్ళబోతే హెడ్ సిస్టర్ అడ్డం నిలబడింది. మీరు ఈ పాపకు ఏమవుతారు సార్ అని అడిగింది. పెదనాన్న అన్నారు, అబద్ధం చెప్పడం చేతకాక.

"అయితే అద్దం బయట, సార్."

"సిస్టర్, ఆ రూలు నేనే రాశాను."

"తెలుసు సార్. అందుకే గట్టిగా పాటిస్తున్నాను."

అలా మా ఆయన జీవితంలో మొదటిసారి అద్దానికి ఇవతల నిలబడ్డారు. మిగతా బంధువులంతా పిల్లను చూస్తే ఆయన మిషను మీద అంకెలను చూసేవారు. పక్కనున్న తండ్రెవరో ఆయన్ని కొత్తగా వచ్చిన వాడనుకుని, ఫర్వాలేదన్నా, ఇక్కడ పెద్ద డాక్టరు చాలా మంచోడట అని ధైర్యం చెప్పాడు. ఆయన అవునటండీ అన్నారు.

చివరికి పాప ముహూర్తం పెట్టింది.

ఆ ఉదయం ఆపరేషన్ థియేటరు బయట గదిలో మేమందరం చేరాం. చెల్లి చక్రాల కుర్చీలో, దాని పక్కన మరిది, మరిది పక్కన అమ్మ. మా ఆయన తలుపుకు దగ్గర కుర్చీ ఎంచుకున్నారు. చొక్కా జేబు ఎత్తుగా ఉంది. కుట్లు పెద్దవిగా కనబడే ప్రత్యేక కళ్ళద్దాలు. అవెందుకండీ అంటే, పేపరు చదువుకోవడానికి అన్నారు. పేపరు లేదు. శిష్యురాలు లోపలికి వెళ్తూ నావంక ఒకసారి చూసింది. నేను ఒళ్ళో ఉన్న కూరగాయల సంచిని తట్టాను.

తలుపు మూసుకుంది. పైన ఎర్రదీపం వెలిగింది. మా ఆయన లేచి, బాత్రూముకు వెళ్ళొస్తానన్నారు. బాత్రూము కుడివైపుంది. ఆయన ఎడమవైపు తిరిగారు, థియేటరు తలుపు వైపు.

మరిది సరిగ్గా అప్పుడే, లోపల ఇప్పుడేం చేస్తున్నారొదినా అని అడిగాడు. ఏముంది, పొట్ట కోసి పేగులన్నీ బయటికి తీసి పళ్ళెంలో పెట్టి, చిల్లుకు జిగురు రాస్తారు అన్నాను.

మా ఆయన ఆగిపోయారు. తప్పు మాట విని ముందుకు నడవగలిగే మనిషి కాదు. వెనక్కొచ్చి, జిగురేమిటోయ్, నీ మొహం, పక్కటెముకల కింద గాటు పెట్టి పేగులను మెల్లగా పైనుంచి కిందికి లాగుతారు అని సరిదిద్ది మళ్ళీ బయల్దేరారు. అవునా, ముందు ఊపిరితిత్తిని కోసి చిన్నది చేస్తారు కదూ అన్నాను. మళ్ళీ వెనక్కొచ్చారు. నాలుగు మాటలు మాట్లాడేసరికి ఆయనకు నేను తన దగ్గర ఇన్నేళ్ళుండి ఏమీ నేర్చుకోలేదని రూఢి అయింది. విచారంగా కుర్చీలో కూలబడ్డారు. అదే అదనని సంచిలోంచి చెప్పుల డబ్బా తీసి ఆయన ఒళ్ళో పెట్టాను.

గలీబు ముక్క బిగించే తెచ్చాను, సీ చిల్లుతో. పనిముట్లూ, సూదీ దారమూ తెచ్చాను. ఇదేమిటన్నారు. మీ తమ్ముడికి అర్థమయ్యేలా చెప్పండి, నేను చెబితే జిగురంటున్నాను కదా అన్నాను.

ఆయన మరిది మొహం చూశారు. ఆ మొహం చూస్తే రాయైనా డబ్బా తెరుస్తుంది.

పాఠం మొదలైంది. డబ్బాలో పై సగం ఛాతీ, కింది సగం పొట్ట. పేగులకు ఏదైనా పొడుగాటిది కావాలన్నారు. మరిది బూట్లు విప్పి మేజోళ్ళు ఇచ్చాడు. జీర్ణాశయానికి అమ్మ మందుల పర్సు. ఇట్టే చితికిపోయే ప్లీహానికి నా సంచిలోని టమాటా. ఇవన్నీ చిల్లులోంచి పై సగంలోకి కుక్కారు. ఊపిరితిత్తిగా పెట్టిన దూదిఉండ మూలకు నక్కింది. పాపకు జరిగిందంతా అప్పుడు మరిదికి కళ్ళకు కట్టినట్టయింది. ఓవర్‌లోడు అన్నయ్యా అన్నాడు మెల్లగా, లిఫ్టైతే ఇక్కడే కుయ్యిమని ఆగిపోయేది.

ఇప్పుడు నువ్వే దించు అన్నారు మా ఆయన. మరిది రెండు వేళ్ళు పెట్టి మేజోడు కొస పట్టుకుని లాగాడు. మెల్లగా, అది నీ కూతురి పేగు. మరిది నుదుట చెమట పట్టింది, మా ఆయన తన రుమాలిచ్చారు. మేజోళ్ళు దిగాయి. పర్సు దిగింది. టమాటా దగ్గర అందరం ఊపిరి బిగపట్టాం. అది నలిగితే ఇక ఆపరేషన్ కాదు, చట్నీ అని ముందే హెచ్చరించారాయన. అమ్మ కొంగుతో దాన్ని అడుగున పట్టుకుంది. తక్కిన రోగుల బంధువులు ఒక్కొక్కరే కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. ఒకావిడ ఫోనులో లైటు వేసి పట్టుకుంది. కాలికి కట్టుతో కుంటుతూ వచ్చిన ఓ పెద్దాయన, పేషెంటుకు మత్తిచ్చారా అని అడిగాడు.

టమాటా క్షేమంగా దిగింది. కిందింటివాళ్ళు దిగారు, అంది అమ్మ తృప్తిగా.

ఇక కుట్టు. మరిది పెద్ద పెద్ద వేళ్ళతో సూది పట్టుకుని మొదటి ముడి వేశాడు. రెండోది వేశాడు. మా ఆయన లేచి, అలవాటు కొద్దీ అతని వెనకకు వెళ్ళి, చేతులు కట్టుకున్నారు.

"ఊఁ."

మూడో ముడి జారింది.

నేను గలీబు వైపే చూస్తూ, ఆ శబ్దం ఆపండి అన్నాను. ఏ శబ్దం అన్నారాయన. నిజంగానే ఆయనకు తెలియదు. అప్పుడు మా అమ్మ టమాటా పట్టుకునే ఉండి అంది.

"మీరు ఊఁ అంటే నాకూ చెయ్యి వణుకుతుంది బాబూ. మీ పెళ్ళిలో కూడా అన్నారు. అక్షింతలు పక్కాయన నెత్తిన పోశాను."

ఆయన నావంక చూశారు. నేను ఉప్పు సంగతి చెప్పాను. ఇన్నాళ్ళూ ఆ ఉప్పుకు నా మతిమరుపే కారణమనుకున్నారు పాపం. ఆయన కట్టుకున్న చేతులు విప్పి డబ్బా మీదికి వంగారు. జారిన మూడో ముడినే చూస్తున్నారు. బల్ల దగ్గర జారిన ముళ్ళన్నీ ఆయనకు వరసగా గుర్తొస్తున్నాయని నాకు తెలిసింది.

మరిది మళ్ళీ కుట్టాడు. ఈసారి ముళ్ళు నిలిచాయి. కానీ చిల్లు పెద్దది, బట్ట చాలదు. రెండంచులూ కలపాలని గట్టిగా లాగాడు. గలీబు పర్రున చిరిగింది.

ఆ చప్పుడుకు మా ఆయన థియేటరు తలుపు వైపు తిరిగారు. ఆ అమ్మాయి కూడా ఇలాగే లాగితే, అన్నారు. జేబులోంచి కళ్ళద్దాలు చేతిలోకి వచ్చేశాయి. రెండంగల్లో తలుపు దగ్గరున్నారు. నేను లేచి, డాక్టరా, పెదనాన్నా, ఏదో ఒకటి తేల్చుకుని వెళ్ళండి అన్నాను. ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాట, వాడే వేళకు గొంతులోంచి సరిగ్గా రాలేదు. ఆయనకు వినబడిందో లేదో. తలుపు పిడి మీద చెయ్యి వేశారు.

పొద్దుట్నుంచి ఒక్క మాట మాట్లాడని మా చెల్లి అప్పుడు మాట్లాడింది.

"బావా. నువ్వు లోపలుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. ఆమెకు చెయ్యి వణుకుతుంది. నా ధైర్యం ఎలాగో నేను చూసుకుంటాను. ఆమె చెయ్యి మాత్రం నువ్వే చూడాలి."

మా ఆయన పిడి మీంచి చెయ్యి తీశారు. వెనక్కొచ్చి కుర్చీలో కూర్చున్నారు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నారు, బడిలో పిల్లాడిలా. జేబురుమాలు తీసి నోట్లో కుక్కుకున్నా బాగుండునని నాకనిపించింది. ఆయనకూ అనిపించినట్టుంది, జేబు తడుముకున్నారు. కానీ రుమాలు అప్పటికే మరిది చేతిలో ఉంది.

"అన్నయ్యా, లాగితే చిరుగుతోంది. దీనికి మాసిక వెయ్యొచ్చా?"

మాసిక అంటే మా ఆయనకు అంత ఇష్టం ఉండదు. అంచుకు అంచు కలిపి కుట్టడమే అందమంటారు. చాలినంత బట్ట లేనప్పుడు తప్పక వేస్తారు, వేసొచ్చిన రోజు అన్నం తక్కువ తింటారు. అందరం ఆయన నోటి వంకే చూశాం. ఆ గదిలో ఊఁ రావడానికి సరిగ్గా సరిపడా ఖాళీ ఉంది. రాలేదు. తల మాత్రం నిలువుగా ఆడింది.

మరిది రుమాలును చిల్లుకన్నా కాస్త పెద్దగా కత్తిరించి, కొంచెం వదులుగా, గొడుగులా ఉబ్బెత్తుగా పెట్టి చుట్టూ కుట్టుకుంటూ పోయాడు. ఆ ముళ్ళు చూస్తే లిఫ్టును వేలాడదీయవచ్చు. కట్టు పెద్దాయన, బతుకుతుందా అని అడిగాడు. బతుకుతుంది అంది అమ్మ, గలీబు గురించి కాదు.

ఎర్రదీపం ఆరింది.

శిష్యురాలు బయటికొచ్చింది. టోపీ కింద జుట్టంతా తడిసిపోయింది. గదినిండా జనాన్నీ, డబ్బానీ, మేజోళ్ళనీ, అమ్మ కొంగులో టమాటానీ చూసింది. చూసి ఏమీ అడగలేదు. మా ఇంటి భోజనాల బల్ల అలవాటున్న మనిషి. పాప బాగుంది, అని ముందు చెల్లితో చెప్పింది. తరవాత మా ఆయన వైపు తిరిగి, గొంతు కొంచెం తగ్గించింది. సీ అండి సార్. లాగి చూడబోయి మానేశాను. ప్యాచ్ వేశాను, మాసికే.

అప్పుడు మరిది డబ్బా ఎత్తి చూపించాడు. నేనూ అంతే మేడమ్ అన్నాడు.

"మరి కిందింటివాళ్ళు?" అంది అమ్మ.

"అందర్నీ దించేశాను అమ్మమ్మా. పై వాటా ఆయనకు ఇంకా కొన్నాళ్ళు పడుతుంది కాళ్ళు చాపుకోవడానికి. తొందరపెట్టకూడదు."

మా ఆయన లేచి నిలబడ్డారు. శిష్యురాలి చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి. ఈయన ఏం అడుగుతారో నాకు తెలుసు. రక్తపోటెంత, ఎన్ని కుట్లు, ఏ దారం. ఆపరేషనయ్యాక బంధువులు అడిగే ప్రశ్నల గురించి ఆయన ఇంట్లో ఎన్నిసార్లు నవ్వారో. ప్రాణం గట్టెక్కిన బిడ్డ గురించి అందరూ మొట్టమొదట అడిగేది ఒకటే, దానికి ఇప్పుడే సంబంధం లేకపోయినా అదే అడుగుతారు అని. ఆయన నోరు తెరిచారు, మూశారు, మళ్ళీ తెరిచారు.

"అమ్మా, మరి పాలు ఎప్పుడు తాగుతుంది?"

శిష్యురాలు ఒక్క క్షణం ఆయన్ని చూసింది. తరవాత చాలా ఓపికగా, ఆయన గొంతుతోనే చెప్పింది. "పాపే చెబుతుంది సార్. మీరు వెళ్ళి ఏమైనా తినండి. ఇక్కడ నిలబడి ప్రయోజనం లేదు."

ఆయన అలాగేనమ్మా అని, అక్కడే నిలబడ్డారు.

ఆ గలీబు ఇంటికి తీసుకుపోదామనుకున్నాను. కుదరలేదు. హెడ్ సిస్టర్ దాన్ని డబ్బాతో సహా ఆ గదిలోనే ఉంచేసింది. బంధువులకు అర్థమయ్యేలా చెప్పడానికి పనికొస్తుందట. మేజోళ్ళు మాత్రం ఉతికించి ఇవ్వమని మరిదికే పురమాయించింది. టమాటా కూర వండుకున్నాం. ఆ రోజు ఉప్పు ఒక్కసారే వేశాను.

పాప నెమ్మదిగా కుదుటపడింది. ఒక రోజు బాగుండేది, మర్నాడు అలిగేది. ఎక్కడ పోలిక వచ్చిందో చెప్పను. అద్దం బయట మా ఆయన రోజూ నిలబడేవారు. ఇప్పుడు అంకెలు కాదు, బొటనవేలు చూసేవారు. పక్కన కొత్తగా వచ్చిన తండ్రులకు, ఇక్కడ చిన్న డాక్టరమ్మ చాలా గట్టిదండీ అని చెప్పేవారు.

చివరికి గొంతులో గొట్టం తీసే రోజు వచ్చింది. హెడ్ సిస్టర్ ఆ రోజుకు మమ్మల్ని లోపలికి రానిచ్చింది, గుసగుసగా ఉంటామని ఒట్టు పెట్టించుకుని. శిష్యురాలు గొట్టం తీసింది. పాప పెదాలు చప్పరించింది, మొహం ముడిచింది, ఎవరో అద్దెకు ఇల్లు చూపిస్తే నచ్చనట్టు. ఏడవలేదు. అందరం వంగి చూస్తున్నాం. ఇన్నాళ్ళూ ఏడవకూడదని పాఠాలు చెప్పిన మనిషి, ఏడిస్తే బాగుండునని అందరికన్నా దగ్గరగా వంగారు.

అలవాటు ఎక్కడికి పోతుంది. "ఊఁ," అన్నారు.

పాప కెవ్వుమంది.

బొంగురు గొంతు, సన్నగా పిల్లికూన అరిచినట్టు మొదలై, ఊపిరి తీసుకుని, ఛాతీ నిండా మళ్ళీ అందుకుంది. అమ్మ కళ్ళు మూసుకుని చెవి అటే పెట్టి విన్నది, పుట్టినప్పుడు వినాల్సిందంతా బాకీ వసూలు చేసుకుంటున్నట్టు. చెల్లి దాన్ని ఊరుకోబెట్టబోయి మానేసింది. శిష్యురాలు మా ఆయన్ని చూసి మొదటిసారి నవ్వింది, చేతులు వెనక్కి పోకుండా.

హెడ్ సిస్టర్ మాత్రం తలుపు తెరిచి పట్టుకుంది.

"సార్, బయటికి."

ఆయన మారుమాట్లాడకుండా వెళ్ళారు. అద్దం అవతల నిలబడి, దానికి చెవి ఆనించి వింటున్నారు.